మోడెనాలో మన ఫియట్ ఇంజిను

బొలోన్యాలో లోకల్ రైలెక్కితే అరగంటలో మోడెనా వచ్చేస్తుంది. విజయవాడ నుంచి తెనాలి వెళ్లినంత దూరం. కిటికీ పక్కన కూర్చుంటే మన డెల్టాలో లాగే చూపు ఆనినంత మేరా చదును నేల. వరి ఉండాల్సిన చోట ద్రాక్షతోటలు, పండ్లతోటలు. వాటి మధ్య రేకుల కప్పులతో చిన్న చిన్న ఫ్యాక్టరీలు. పో నది పరిచిన మైదానం ఇది. పొలం గట్టు దాటగానే లేత్ మిషన్ కనిపించే ప్రాంతం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో గానీ, నేను మాత్రం ఇక్కడే చూశాను.

మోడెనా వచ్చేవాళ్లలో చాలామంది ఫెరారీ కోసం వస్తారు. ఎంజో ఫెరారీ పుట్టిన ఊరిది. మసెరాటి ఫ్యాక్టరీ కూడా ఊళ్లోనే ఉంది. నేను మాత్రం ఫియట్ 1100 ఇంజిను కోసం వచ్చాను. మన ప్రీమియర్ పద్మిని బానెట్ ఎత్తితే కనిపించేది ఆ ఇంజినే. నాలుగు సిలిండర్లు, 1089 సీసీ, ఓ 40 హార్స్‌పవర్. డాక్టరుగారి కారుగా, పెళ్లి కారుగా, ట్యాక్సీగా మన ఊళ్లన్నీ తిరిగింది. అదే ఇంజిను ఒకప్పుడు ఇటలీలో రేసు కార్లకి పెట్టేవారనీ, నిమిషానికి 7,000 చుట్లు దాటి తిరిగేదనీ చదివాను. అలాంటి పాత ఇంజిన్లని మళ్లీ రేసుకి సిద్ధం చేసే షెడ్లు మోడెనా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయని విన్నాక, ఆ పని ఎలా చేస్తారో దగ్గర కూర్చుని చూడాలనిపించింది.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచాను. ఊరి నడిబొడ్డున చర్చి, దాని పక్కన 86 మీటర్ల గిర్లాందీనా గోపురం. ఆ గోపురాన్నే గుర్తు పెట్టుకుని నడుద్దామంటే కుదరదు. సందులో అడుగు పెట్టగానే గోపురం కనుమరుగవుతుంది. సందు మెల్లగా వంపు తిరుగుతుంది, బయటికొచ్చేసరికి గోపురం వీపు వైపు ఉంటుంది. అలా చాలాసేపు తిరిగాక, దారి చూపించిన ఒక కొట్టు యజమానురాలు అసలు సంగతి చెప్పింది. ఒకప్పుడు ఊరంతా కాలవలేనట. తర్వాత వాటిని కప్పేసి పైన రోడ్లు వేశారు. కాలవ వంపులే ఇప్పుడు రోడ్డు వంపులు. కనాల్‌కియారో, కనాల్‌గ్రాందె అని వీధులకి పేర్లు కూడా అలాగే ఉండిపోయాయి. నీళ్లు మాత్రం పాదాల కింద ఎక్కడో ఉన్నాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యలో కళ్లెదుటే పారే విజయవాడ నుంచి వచ్చినవాడిని కదా, ఆ రోడ్ల మీద నడుస్తున్నంతసేపూ నీటి చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను.

ఆకలేస్తే ఆల్బినెల్లి మార్కెట్‌కి వెళ్లండి. 1931 నాటి కట్టడం. ఇనుప స్తంభాల మీద పెద్ద కప్పు, కింద కూరగాయలు, జున్ను, మాంసం అంగళ్లు. అక్కడ న్యొక్కో ఫ్రిత్తో అనేది తిన్నాను. పిండిని పల్చగా ఒత్తి, పలకలుగా కోసి, నూనెలో వేస్తే అచ్చం మన పూరీలా పొంగుతుంది. అయితే సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు, మాంసం ముక్కలతో తింటారు. శాకాహారులు అడిగి మరీ తీసుకోవాలి. రికొత్తా జున్ను, పాలకూర కూరిన తోర్తెల్లోనీలో మాంసం ఉండదు గానీ, పిండిలో గుడ్డు కలుపుతారు. పైన రెండు చుక్కలు బాల్సమిక్ వెనిగర్ వేస్తారు. ద్రాక్షరసాన్ని కాచి, కర్ర పీపాల్లో అటకల మీద ఏళ్ల తరబడి ఊరబెట్టేది. అసలైనదాన్ని 12 ఏళ్లు నిండకుండా సీసాలో పోయరు, మేలురకం కావాలంటే 25 ఏళ్లు ఆగాలి. ఒక వస్తువు కోసం అంతకాలం ఆగే అలవాటున్న ఊళ్లో పాత ఇంజిన్లు బతికి ఉండటంలో వింతేమీ లేదనిపించింది.

తిన్నాక స్టాంగువెల్లిని మ్యూజియంకి వెళ్లాను. వియా ఎమీలియా అనే రోమన్ల కాలపు రోడ్డు మోడెనా మధ్యగా పోతుంది. ఊళ్లోని సందులన్నీ వంకరైతే ఈ రోడ్డొక్కటే తిన్నగా ఉంటుంది. దాని తూర్పు భాగంలో, స్టాంగువెల్లి కుటుంబం ఫియట్ కార్లు అమ్మిన చోటే ఈ మ్యూజియం ఉంది. వెళ్లేముందు ఫోన్ చేసి సమయం అడగాలి. ఈ కుటుంబం కార్లకన్నా ముందు వాద్యబృందాలకి పెద్ద డప్పులు తయారుచేసేదని తెలిసి ఆశ్చర్యపోయాను. మరలు తిప్పి శ్రుతి చేసుకునే డప్పులు. ఆ ఇంటి మనవడు విత్తోరియో స్టాంగువెల్లి ఫియట్ ఇంజిన్లకి వేగం నేర్పాడు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1950ల నడుమ ఇటలీ పేరున్న రేసు డ్రైవర్లని వరసగా పోగొట్టుకుంది. 1955లో అస్కారి, 1957లో కాస్తెల్లోత్తి, 1958లో ముస్సో, ముగ్గురూ రేసు కార్ల ప్రమాదాల్లోనే ప్రాణాలు కోల్పోయారు. కొత్త కుర్రాళ్లు నేర్చుకుందామంటే రేసు కారు కొనే తాహతు లేదు. ఆ రోజుల్లోనే జొవాన్ని లురాని అనే దొర ఫార్ములా జూనియర్ అనే పోటీని ఆలోచించాడు. ఇంజిన్ బ్లాకు, హెడ్డు, గేర్‌బాక్సు మామూలు జనం కొనుక్కునే కార్లవే అయి ఉండాలి. 1100 సీసీ దాటకూడదు, ఆ సైజు కారు 400 కిలోలకి తగ్గకూడదు. క్యామ్‌షాఫ్ట్‌ని హెడ్డు మీదికి ఎక్కించకూడదు. అంటే రేసు ఇంజిన్లకుండే హంగులేవీ పనికిరావు. సంసారుల కారు తీసుకుని, చేతి నేర్పుతో దాన్నే పరుగెత్తించాలి. 1958లో ఇటలీలో మొదలై, మరుసటి ఏడాదే అంతర్జాతీయ పోటీ అయింది.

ఇటలీలో అప్పుడు సంసారుల కారంటే ఫియట్ 1100. స్టాంగువెల్లి ఆ ఇంజినుతో వందకు పైగా రేసు కార్లు కట్టాడు. 1959లో మొనాకోలో జరిగిన జూనియర్ రేసుని మైకేల్ మే అనే అతను స్టాంగువెల్లి కారులోనే గెలిచాడు. తర్వాత ఫెరారీ డ్రైవరైన లొరెంజో బందీని కూడా ఈ కార్లు నడిపి పైకొచ్చినవాడే. మ్యూజియంలో ఆ కారు పక్కన నిలబడితే దాని బానెట్ నా నడుం దాకా కూడా రాలేదు. సన్నటి చువ్వల చక్రాలు, ఒక్క మనిషికి సరిపడా సీటు. ముందు భాగంలో, నాకు బాగా తెలిసిన ఇంజిను. పద్మిని బరువు సుమారు 900 కిలోలు. సగానికన్నా తక్కువ బరువున్న బండిలో రెట్టింపు బలమున్న అదే ఇంజిను పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నేను వెళ్లాల్సిన షెడ్డు ఊరి బయట ఉంది. బస్సు దిగి పొలాల పక్కన నడిస్తే, బోర్డు కూడా లేని ఒక రేకుల కట్టడం. తలుపు తీసింది తలపాగా కట్టిన పంజాబీ యువకుడు. ఈ ప్రాంతంలో సిక్కులు చాలామందే ఉన్నారు. పార్మజానో జున్నుకి పాలిచ్చే పశువుల కొట్టాల్లో పనిచేయడానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. పక్క జిల్లాలోని నొవెల్లారాలో పెద్ద గురుద్వారా కూడా కట్టుకున్నారు. ఇతని తండ్రి పాల పనిలో ఉంటే, ఇతను లేత్ పని నేర్చుకున్నాడు. "ఆయియే అంకుల్‌జీ" అంటూ లోపలికి పిలిచాడు. ఆ హిందీ వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజంతా అతనే నాకు నోరూ చెవీ. పనికి పెద్ద అయిన మెకానిక్ ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఇటాలియన్ కూడా కాదు, మోడెనా యాసలోనే మాట్లాడతాడు. మన ఆటోనగర్‌లో అయితే ఆయన్ని మేస్త్రీగారు అంటాం. నేనూ అలాగే అంటాను.

షెడ్డు చూసి ముందు ఆశ్చర్యపడింది నిశ్శబ్దానికి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా సుత్తి దెబ్బలు, గ్రైండర్ల రొద, ఎక్కడో రేడియో పాట. ఇక్కడ గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ఇంజిను విడిభాగాలన్నీ వరసగా పేర్చారు. ఒక్కోటీ ఒక్కోచోట దొరికిందట. బ్లాకు పాత ఇనుము కొట్టులో, హెడ్డు ఒక రైతు కొట్టంలో, క్రాంకు ఇంకెవరి అటక మీదో. ఇటలీలో ఫియట్ 1100 కారు 1969లోనే ఆగిపోయింది. పద్మిని మాత్రం మన దగ్గర 2000 దాకా తయారైందని చెబితే మేస్త్రీగారు చేతిలో పని ఆపి, కళ్లజోడు తీసి నన్ను చూశారు. "అయితే మీ దేశంలో బ్లాకులు ఇంకా దొరుకుతాయా? ఒక్కసారి కూడా బోరు చేయనివి?" అని అడిగారు.

బోరు చేయనివే ఎందుకంటే, అందులో ఒక లెక్క ఉంది. ఈ ఇంజిను బోరు, అంటే సిలిండరు వెడల్పు, 68 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ నడిచే దూరం, 75. పోటీ హద్దు 1100 సీసీ. బోరు 68.3కి పెంచితే 1099 అవుతుంది, 68.5కి పెంచితే హద్దు దాటిపోతుంది. మన దగ్గర పిస్టన్లు అరిగాయంటే మొదటిసారి మామూలుగా అర మిల్లీమీటరు బోరు కొడతారు. అంటే ఆటోనగర్‌లో ఒక్కసారి రీబోరైన బ్లాకు రేసుకి పనికిరాదు. లైనర్లు వేసి మళ్లీ 68కి తేవాల్సిందే. బల్ల మీదున్న బ్లాకుకి అలాగే కొత్త లైనర్లు వేశారు. వేలు లోపలికి పెట్టి తడిమితే, సన్నటి అడ్డగీతలు చర్మానికి తగిలాయి. నూనె నిలవడానికి కావాలని గీసినవి.

తర్వాత మేస్త్రీగారు కనెక్టింగ్ రాడ్ల దగ్గరికి తీసుకెళ్లారు. నాలుగు రాడ్లూ అద్దంలా మెరుస్తున్నాయి. పాలిష్ ఎప్పుడూ నిలువునే చేయాలట. అడ్డంగా ఒక్క ఆకురాయి గీత మిగిలినా చీలిక అక్కడే మొదలవుతుంది. అంతకుముందే వాటికి అయస్కాంతం పెట్టి, ఇనుప రజను చల్లి చూశారు. ఎక్కడైనా కంటికి కనిపించని బీట ఉంటే రజను ఆ గీత వెంబడి పోగవుతుంది. ఆ పరీక్షలో పోయిన రాడ్లు ఒక మూల డబ్బాలో పడి ఉన్నాయి, చూడ్డానికి మంచివాటికీ వాటికీ తేడా ఏమీ లేదు.

ఆ తర్వాత తూకం. బంగారం తూచే త్రాసు లాంటిది తెచ్చారు. రాడ్డు పెద్ద చివరని ఒక ఆనుడు మీద పెట్టి చిన్న చివరని తూచారు, తర్వాత తిప్పి పెట్టి పెద్ద చివరని తూచారు. ఒకటి మిగతావాటికన్నా రెండు గ్రాములు ఎక్కువుంది. ఆకురాయితో రెండు రుద్దులు, మళ్లీ తూకం. ఇంకో రుద్దు, మళ్లీ తూకం. పావు గంట గడిచాక నాలుగు రాడ్లకీ ఒకే అంకె వచ్చింది. రెండు గ్రాముల కోసం ఇంత పనా అని అడిగితే, పంజాబీ యువకుడు పలక మీద లెక్క వేసి చూపించాడు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగేటప్పుడు, పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగే ఆ క్షణంలో, 300 గ్రాముల పిస్టన్ రాడ్డుని సుమారు 800 కిలోల బరువుతో లాగుతుంది. అక్కడ రెండు గ్రాముల తేడా అంటే అయిదు కిలోల తేడా, సెకనుకి 120 సార్లు. మూడే బేరింగుల మీద నిలబడ్డ క్రాంకుషాఫ్టు ఆ కుదుపుని ఎంతసేపు ఓర్చుకుంటుంది? వేగం ఒకటిన్నర రెట్లయితే ఈ లాగుడు రెండుంపావు రెట్లవుతుంది. పద్మిని 4,800 దగ్గర హాయిగా మోసే తేడాయే, 7,200 దగ్గర ఇంజినుని చీల్చేస్తుంది.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. రేసు ఇంజినంటే ఏవో పెద్ద పెద్ద భాగాలు తగిలించడం అనుకుంటాం. నేను చూసినంతసేపూ మేస్త్రీగారు తీసేస్తూనే ఉన్నారు. ఫ్లైవీల్ అంచుని లేత్ మీద తరిగి తేలిక చేశారు. రాకర్ల మీద అనవసరపు లోహం తీశారు. హెడ్డులో గాలి వెళ్లే దారుల్లో పోతపోసినప్పటి గరుకు తీసి నున్నగా చేశారు. హెడ్డుని అడుగున కోసి దహన గది తగ్గించారు. ఒక్కో సిలిండరుది 272 సీసీ. పద్మినికి కంప్రెషన్ ఏడింటికొకటి, అంటే పైన 45 సీసీ ఖాళీ ఉండాలి. రేసుకి పదింటికొకటి కావాలంటే 30 సీసీయే ఉండాలి. హెడ్డుని బోర్లా తిప్పి, గదిమీద చిన్న చిల్లున్న గాజు పలక పెట్టి, కెమిస్ట్రీ ల్యాబులో ఉండే బ్యూరెట్‌తో రంగు కలిపిన కిరోసిన్ చుక్కచుక్కగా వదిలారు. నాలుగు గదులూ ఒకే కొలతకి రావాలి. ఎక్కువ పట్టిన గది ఉంటే మిగతా మూడింటినీ దానికి సరిపడా గీస్తారు.

అన్నింటికన్నా నాకు నచ్చింది బంకమట్టి పని. రేసు క్యామ్‌షాఫ్టు వాల్వుల్ని మామూలుకన్నా ఎక్కువ తెరుస్తుంది, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అటు హెడ్డు కోసేశారు, ఇటు వాల్వులు కిందికి దిగుతున్నాయి. పిస్టన్‌కి తగిలితే ఇంజిను గతి అంతే. తగులుతుందో లేదో తెలియడమెలా? పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టి ముద్ద తీసి, పిస్టన్ నెత్తిన అద్దారు. దానిమీద కాస్త నూనె రాశారు. హెడ్డు బిగించి, క్రాంకుకి కట్టిన డిగ్రీల చక్రాన్ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పారు. మళ్లీ హెడ్డు విప్పితే మట్టిలో రెండు వాల్వుల అచ్చులు స్పష్టంగా పడి ఉన్నాయి. బ్లేడుతో అచ్చు మధ్యకి కోసి, అడుగున మిగిలిన మట్టి మందం వెర్నియర్‌తో కొలిచారు. ఇన్‌లెట్ వైపు సరిపోయింది, ఎగ్జాస్టు వైపు తక్కువైంది. పిస్టన్ నెత్తిన అక్కడ ఇంకొంచెం గాడి తీయాలి. ఇంత పెద్ద ప్రశ్నకి అంత చిన్న మట్టి ముద్ద జవాబు చెప్పడం చూసి చప్పట్లు కొట్టాలనిపించింది.

మధ్యాహ్నం పన్నెండున్నర కాగానే పనులన్నీ ఆపేశారు. ఇక్కడ భోజనం వేళ భోజనమే. రెండున్నర దాకా షట్టర్లు తెరుచుకోవు. టిఫిను క్యారేజీ పక్కన పెట్టుకుని పని చేస్తూనే తినే మన మెకానిక్‌లు గుర్తొచ్చారు. ముగ్గురం పక్క ఊళ్లో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. పంజాబీ అబ్బాయి నాకోసం మాంసం లేని తిజెల్లె చెప్పాడు. అరచేతి సైజు గుండ్రటి రొట్టెలు, మధ్యకి చీల్చి జున్ను పెట్టుకుని తినాలి. అక్కడే మేస్త్రీగారిని అడిగాను, 1960 తర్వాత ఈ ఇంజిను రేసుల్లో ఎందుకు కనిపించలేదని.

ఆయన బల్ల మీది కాగితం రుమాలు మీద రెండు సిలిండర్లు గీశారు. ఒకటి పొడవుగా, సన్నగా. అది ఫియట్. రెండోది వెడల్పుగా, పొట్టిగా. అది ఇంగ్లండు ఫోర్డ్ ఆంగ్లియా. ఫోర్డ్ స్ట్రోకు 48.4 మిల్లీమీటర్లే. మన పద్మిని 4,800 దగ్గర పిస్టన్ సగటున సెకనుకి 12 మీటర్లు నడుస్తుంది. ఫోర్డ్‌లో పిస్టన్ అదే 12 మీటర్లు నడిచేసరికి ఇంజిను 7,500 తిరిగేస్తుంది. ఫియట్ 7,200 తిరగాలంటే పిస్టన్ 18 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 1937 నాటి బాలిల్లా కారు కోసం, తక్కువ వేగంలో బాగా లాగాలని గీసిన ఇంజిను ఇది. ఫోర్డ్ ఇంజినుని కాస్‌వర్త్ కంపెనీ రేసుకి సిద్ధం చేసి లోటస్ వెనక భాగంలో పెట్టేసరికి, 1960లో జిమ్ క్లార్క్ లాంటివాళ్ల చేతుల్లో ఇటాలియన్ కార్లు వెనకబడిపోయాయి. 1963తో ఆ పోటీ కూడా ముగిసింది. మరి గెలవని ఇంజిను మీద ఇన్ని గంటలు ఎందుకు పెడుతున్నారని అడిగాను. "దీన్ని 7,000 తిప్పడం కష్టం కాబట్టి" అన్నారు, రొట్టె తుంచుకుంటూ. చారిత్రక కార్ల రేసుల్లో ఫార్ములా జూనియర్‌కి ఇప్పటికీ చోటుంది. మొనాకోలో జరిగే పాత కార్ల గ్రాండ్ ప్రీలోనూ ఇవి పరుగెత్తాయి. అందుకే ఇలాంటి ఇంజిన్లకి ఇప్పటికీ యజమానులున్నారు.

బల్ల మీద విడిభాగాలుగా ఉన్నది రోజుల తరబడి పని. పూర్తయిన ఇంజిను ఒకటి వెనక గదిలో పరీక్ష బల్ల మీద బిగించి ఉంది. అది ఆడించి చూపిస్తామన్నారు. పద్మినికి ఉండే ఒక్క సోలెక్స్ కార్బురేటరు బదులు, రెండు నోళ్లున్న వెబర్ కార్బురేటర్లు రెండు పెట్టారు. నాలుగు సిలిండర్లకీ ఎవరి నోరు వారికే. వెబర్ కంపెనీ పుట్టింది పక్కనున్న బొలోన్యాలోనే. ఆయిల్ చాంబరు లోపల అడ్డుపలకలు వేశారు. కారు మలుపు తిరిగేటప్పుడు ఆయిలంతా ఒక పక్కకి పోతే పంపు గాలి పీల్చి బేరింగులు పోతాయి.

ముందు ఆయిల్, నీళ్లు వేడెక్కేదాకా ఆగారు. చెవులకి మూతలు ఇచ్చారు. మొదట్లో ఆ చప్పుడు విని అనుమానమొచ్చింది. పద్మిని ఐడ్లింగ్‌లో ఎంత నెమ్మదిగా, సమంగా కొట్టుకుంటుందో నాకు తెలుసు. ఇదేమో తడబడుతూ, దగ్గుతూ, 1,500 కన్నా కింద నిలవనంటోంది. రేసు క్యామ్ స్వభావమే అంతట. 4,000 దాటగానే తడబాటు పోయింది. మేస్త్రీగారు మెల్లగా రైజు చేస్తూ నీటి బ్రేకుతో బరువు పెంచుతున్నారు. 5,000. పద్మిని ఇక చాలనే చోటు అది. 6,000. నేల అదురు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా వచ్చింది. 7,000. ముల్లు 7,200 మీద నిలిచింది. ఆ నిలిచిన కాసేపట్లో ఒక్కో వాల్వూ సెకనుకి 60 సార్లు తెరుచుకుని మూసుకుంది, డిస్ట్రిబ్యూటరు సెకనుకి 240 నిప్పురవ్వలు పంచింది. సంతకెళ్లే కారు కోసం పోతపోసిన ఇనుము ఒక్క బోల్టు వదలకుండా అంతా తట్టుకుంది. శక్తి చూపించే ముల్లు 80 హార్స్‌పవర్ దాటింది. మేస్త్రీగారి మొహంలో మార్పేమీ లేదు. వేగం తగ్గించి, ఇంజిను ఆపేసి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వెలుతురులో పట్టుకుని రంగు చూశారు. మన ఆటోనగర్ మేస్త్రీ చూసినట్టే, తల ఒక పక్కకి వాల్చి, కన్ను చికిలించి చూశారు. అన్నీ ఒకే గోధుమరంగులో ఉన్నాయి.

బయల్దేరేముందు ఆయన పనిముట్లన్నీ మరోసారి చూశాను. లేత్ మిషను, మైక్రోమీటరు, డయల్ గేజి, ఆకురాళ్లు, త్రాసు, బ్యూరెట్టు, బంకమట్టి. వీటిలో విజయవాడలోనో హైదరాబాదులోనో దొరకనిది ఒక్కటీ లేదు. క్రాంకు గ్రైండింగ్ చేసి వేలికొసతో అరుగుదల చెప్పగల మేస్త్రీలు మన ఆటోనగర్‌లో ఉన్నారు. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో ఇవే ఫియట్ కార్లు రేసులు పరుగెత్తాయి. మనకి లేనిదల్లా, పాత ఇంజిను మీద ఇంత సమయం పెట్టొచ్చనే నమ్మకం, పెట్టినవాడికి తగిన కూలి ఇచ్చే యజమాని.

మీరు వెళ్లదలిస్తే ఆగస్టులో మాత్రం వద్దు, షెడ్లన్నీ మూసి ఉంటాయి. వసంతంలో గానీ, సెప్టెంబరు, అక్టోబరుల్లో గానీ వెళ్లండి. ఎంజో ఫెరారీ మ్యూజియం స్టేషన్‌కి నడిచే దూరంలోనే ఉంది, అదీ చూడండి. కానీ స్టాంగువెల్లి మ్యూజియంకి ముందుగా ఫోన్ చేసి ఒక పూట కేటాయించండి. అక్కడివాళ్లనే అడిగితే ఇంజిన్లు చేసే షెడ్లకి దారి చెప్తారు. మీ తాతగారింట్లో పద్మిని ఉండేదని చెప్పండి, తలుపులు తెరుచుకుంటాయి.

ఇంకొక్క మాట. బొంబాయి వీధుల్లోంచి చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో వెళ్లిపోయింది. మన ఊళ్లలో షెడ్లలోనూ, చెట్లకిందా ఉన్నవి ఏటేటా ఇనుము కొట్టుకి పోతున్నాయి. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటిది ఒకటుంటే కిలోల లెక్కన అమ్మకండి. ఇంజిను దింపించి, ఒక మంచి మేస్త్రీ చేత బోరు కొలిపించండి. 68 మిల్లీమీటర్లే ఉంటే, మోడెనాలో ఒక పెద్దాయన వెతుకుతున్న బ్లాకు మీ దగ్గరున్నట్టే.